వరి ఆర్‌ఎన్‌ఏ రీడ్లలో 40 వేల బేస్‌ల ఇంట్రాన్లు: ఇవి నిజమైనవా, అలైన్‌మెంట్ సృష్టించినవా?

వరిపైరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో మొక్కల జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. ప్రయోగశాల పని అలవాటే గాని, కంప్యూటరు మీద చేసే విశ్లేషణ ఆరు నెలలుగా మాత్రమే నేర్చుకుంటున్నాను. మెరుగుపరచిన సాంబ మసూరి వరికి బాక్టీరియా ఎండాకు తెగులు సోకించి, ఆకుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, ప్రతి ముక్కను రెండు చివర్ల నుంచి 100 బేస్‌ల (అక్షరాల) జంట రీడ్లుగా చదివించాము. ఏ రీడ్ డీఎన్‌ఏ రెండు పోగుల్లో దేని నుంచి వచ్చిందో తెలిపే పద్ధతిలో లైబ్రరీ (చదివించే నమూనా) తయారు చేయలేదు. ఆ రీడ్లను నిప్పన్‌బారే అనే వరి రకపు రిఫరెన్స్ జీనోమ్‌కు స్టార్ ప్రోగ్రాముతో అలైన్ చేశాను, అంటే అవి సరిపోయే చోట కుదిర్చాను. పారామీటర్లన్నీ డిఫాల్టుగానే ఉంచాను. కొత్త స్ప్లైస్ జంక్షన్లు, అంటే ఇంట్రాన్ అనే భాగం తొలగిపోయాక దాని అటూ ఇటూ ఉన్న ఎక్సాన్లు కలిసే అతుకులు, దొరుకుతాయన్న ఆశతో రెండు విడతల పద్ధతిని మాత్రం ఎంచుకున్నాను.

మొత్తం మీద రీడ్లు బాగానే అలైన్ అయ్యాయి. అయితే 11వ క్రోమోజోము మీద రిసెప్టర్ కైనేజ్ (కణం పైన సంకేతాలను గ్రహించే ప్రొటీన్) జన్యువులు గుంపుగా ఉన్న చోట ఐజీవీ అనే జీనోమ్ వీక్షక ప్రోగ్రాములో చూస్తే, ఒక జన్యువు మధ్యలో బయలుదేరి, దాదాపు 40 వేల బేస్‌లు దాటి, అదే కుటుంబానికి చెందిన మరో జన్యువులో దిగే అతుకులు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కదానికి ఒకటో రెండో రీడ్లు మాత్రమే ఆధారంగా ఉన్నాయి. తెగులు సోకినప్పుడు మాత్రమే రెండు జన్యువులు కలిసి ఒకే ట్రాన్స్‌క్రిప్ట్‌గా (ఆర్‌ఎన్‌ఏ ప్రతిగా) వస్తున్నాయేమోనని మొదట సంతోషించాను, తరువాత అనుమానం మొదలైంది.

ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. ఇంట్రాన్ జీటీ అనే రెండక్షరాలతో మొదలై ఏజీతో ముగుస్తుందని చదువుకున్నాము గదా, నా జాబితాలో సగానికి దగ్గరగా ఇంట్రాన్లు సీటీతో మొదలై ఏసీతో ముగుస్తున్నాయి. ఇవన్నీ అసాధారణమైన ఇంట్రాన్లని అనుకోవాలా? అలాగే, అలైన్ అయిన రీడ్లు ఉండే బ్యామ్ ఫైలులో కనిపించే కొన్ని అతుకులు స్టార్ విడిగా రాసి ఇచ్చే జంక్షన్ల పట్టికలో లేవు. ఒకే ప్రోగ్రాము ఇచ్చిన రెండు ఫైళ్ళలో ఈ తేడా ఎందుకు వస్తుంది?

వీటన్నిటి వెనుక ఉన్న అసలు ప్రశ్న ఇది: రీడ్‌లో ఇంట్రాన్ ఉండదు. మరి అది ఎక్కడ తెగిందో ప్రోగ్రాము ఎలా నిర్ణయిస్తుంది? పారామీటర్లను కళ్ళు మూసుకుని మార్చడం కన్నా ఆ సంగతి తెలుసుకుని మార్చడం మేలనిపించి అడుగుతున్నాను.

అతుకులబొంత (జవాబు)

వరిపైరు గారూ, ముందుగా సీటీ–ఏసీ సంగతి తేల్చేద్దాం. అవి అసాధారణమైనవి కావు. జన్యువు జీనోమ్‌లోని రెండో పోగు మీద ఉన్నప్పుడు జీటీ–ఏజీ ఇంట్రాన్‌ను మొదటి పోగు దిశలో చదివితే సీటీతో మొదలై ఏసీతో ముగిసినట్లు కనిపిస్తుంది. జన్యువుల్లో సుమారు సగం ఆ పోగు మీదే ఉంటాయి కనుక మీ జాబితాలోనూ సుమారు సగం అలా కనిపించడం న్యాయమే. నిజానికి మీ లైబ్రరీలో పోగు సమాచారం లేదు కాబట్టి, ఏ రీడ్ ఏ పోగుదో చెప్పడానికి ప్రోగ్రాముకు ఉన్న గట్టి ఆధారం ఇదొక్కటే.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. 1977లో అడినోవైరస్ ఆర్‌ఎన్‌ఏను దాని డీఎన్‌ఏతో జతకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, జత కుదరని డీఎన్‌ఏ భాగాలు ఉచ్చుల్లా బయటికి పొడుచుకుని కనిపించాయి. ఇంట్రాన్లు అలా బయటపడ్డాయి. ఆ పనికి రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ 1993లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ట్రాన్స్‌క్రిప్ట్‌ను జీనోమ్‌కు అలైన్ చేసిన మొదటి ప్రయోగం కంప్యూటరులో జరగలేదని నేను విద్యార్థులకు సరదాగా చెబుతుంటాను. ఈనాటి ప్రోగ్రాములు వెతికేది కూడా ఆ ఉచ్చులనే.

మామూలు అలైన్‌మెంట్‌లో ఖాళీకి జరిమానా దాని పొడవుతో పాటు పెరుగుతుంది. రెండు బేస్‌లు లోపించడం కన్నా ఇరవై లోపించడం అరుదు కనుక, పరిణామక్రమంలో వచ్చిన మార్పులకు ఆ లెక్క సరిపోతుంది. ఇంట్రాన్‌కు అది సరిపోదు. 80 బేస్‌ల ఇంట్రాన్‌కూ 800 బేస్‌ల ఇంట్రాన్‌కూ కణం చేసే పని ఒకటే. పొడుగు పెరిగిన కొద్దీ జరిమానా పెంచుతూ పోతే నిజమైన ఇంట్రాన్లన్నీ ఓడిపోతాయి. అందువల్ల ఈ ప్రోగ్రాములన్నీ ఏదో ఒక రూపంలో ఒక రాజీకి వస్తాయి: చిన్న ఖాళీకి పొడవును బట్టి జరిమానా వేసి, ఒక హద్దు దాటిన ఖాళీకి మాత్రం దాదాపు స్థిరమైన రుసుము తీసుకుని, ఆ రుసుమును ఖాళీ రెండు చివర్లలో ఉన్న అక్షరాలను బట్టి తగ్గించడమో పెంచడమో చేస్తాయి. స్టార్‌లో ఒక్కో బేస్ సరిపోలితే ఒక పాయింటు వస్తుంది. ఇంట్రాన్ జీటీ–ఏజీ అయితే జరిమానా లేదు. జీసీ–ఏజీ అయితే 4 పాయింట్లు, ఏటీ–ఏసీ అయినా మరే ఇతర జంట అయినా 8 పాయింట్లు పోతాయి. మధ్య దూరానికి వేసే జరిమానా లాగరిథమ్ లెక్కన ఉంటుంది కనుక, 400 బేస్‌ల ఇంట్రాన్‌కూ మీ 40 వేల బేస్‌ల ఇంట్రాన్‌కూ మధ్య తేడా ఒకటి రెండు పాయింట్లకు మించదు. మీ సమస్యకు మూలం ఇక్కడే ఉంది, కాసేపట్లో దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

చివర్లలోని అక్షరాలకు అంత విలువ ఎందుకో ఒక ఉదాహరణతో చూపిస్తాను. మొదటి ఎక్సాన్ చివర ‘సీ టీ జీ ఏ ఏ జీ’ అని ఉంది; ఇంట్రాన్ ‘జీ టీ ఏ ఏ జీ టీ’ అని మొదలై, ఎక్కడో దూరాన ‘టీ టీ జీ సీ ఏ జీ’ అని ముగిసింది; రెండో ఎక్సాన్ ‘జీ టీ టీ సీ సీ ఏ’ అని మొదలైంది అనుకోండి. రీడ్‌లో కనిపించేది ‘సీ టీ జీ ఏ ఏ జీ జీ టీ టీ సీ సీ ఏ’ మాత్రమే. ఇప్పుడు అతుకును ఒక బేస్ కుడికి జరపండి. ఇంట్రాన్‌లోని మొదటి జీ మొదటి ఎక్సాన్‌లో చేరింది, రెండో ఎక్సాన్‌లోని మొదటి జీ ఇంట్రాన్‌లో చేరింది, రీడ్‌లో ఒక్క అక్షరమూ మారలేదు. ఇంకొక బేస్ కుడికి జరిపినా అంతే, ఎందుకంటే రెండు చోట్లా తరువాతి అక్షరం టీ. ఎడమకు జరిపినా రెండు బేస్‌ల వరకు ఇదే పరిస్థితి, ఎందుకంటే మొదటి ఎక్సాన్, ఇంట్రాన్ రెండూ ‘ఏ జీ’తోనే ముగుస్తున్నాయి. అంటే ఒకే రీడ్‌కు, ఒక్క తప్పు కూడా లేకుండా, ఐదు వేర్వేరు అతుకులు సాధ్యం. కాగితం మీద రాసుకుని చూడండి: ఆ ఐదింటిలో ఒక్కటే జీటీతో మొదలై ఏజీతో ముగుస్తుంది, మిగిలినవి టీఏ–జీజీ, ఏఏ–జీటీ, జీజీ–సీఏ, ఏజీ–జీసీ అవుతాయి. అక్షరాల పోలిక తేల్చలేని తగాదాను జీవశాస్త్రం తేలుస్తోందన్నమాట. అతుకు స్థానం ఒకటి రెండు బేస్‌లు అటూ ఇటూ అయితే ఏం పోయిందనుకోకండి. రెండు చివర్లలో ఒకటి మాత్రమే అలా జరిగితే, ప్రొటీన్‌గా మారే భాగంలో అక్షరాలను మూడేసిగా చదివే చట్రమే మారిపోతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1998లో వచ్చిన సిమ్4 నుంచి ఇదే వాడుకలో ఉంది. అప్పట్లో ఒక్కొక్క సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారు చేసిన డీఎన్‌ఏ) ముక్క కొన్ని వందల బేస్‌ల పొడవుండేది, వాటి సంఖ్య తక్కువ. ప్రతిదాన్నీ తీరిగ్గా అలైన్ చేయగలిగేవారు. 2002లో వచ్చిన బ్లాట్ జీనోమ్‌ను 11 అక్షరాల ముక్కలుగా సూచికలో పెట్టుకుని ఆ పనికి వేగం తెచ్చింది. కోట్ల కొద్దీ పొట్టి రీడ్లు వచ్చాక లెక్క తలకిందులైంది. 2009 నాటి టాప్‌హ్యాట్ ముందు ఇంట్రాన్ లేకుండా కుదిరే రీడ్లను కుదుర్చుకుని, మిగిలిన వాటికే అతుకులు వెతికేది. ఇంట్రాన్లు లేని నకలు జన్యువు జీనోమ్‌లో మరోచోట ఉంటే, అసలు జన్యువు రీడ్లు కూడా నేరుగా అక్కడే కుదిరిపోయేవి. ఆ లోపం తరువాతి రూపంలో చాలావరకు సర్దుకుంది గాని, నేర్పిన పాఠం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ఏ సంభావ్యతను ముందు పరిశీలిస్తామన్నదే ఫలితాన్ని మార్చగలదు. స్టార్ అలా విడతలుగా చేయదు. రీడ్ మొదటి బేస్ నుంచి జీనోమ్‌లో ఎంత పొడవు వరకు అచ్చంగా సరిపోతుందో సఫిక్స్ అరే అనే సూచికలో చూసి, ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టి, వచ్చిన ముక్కలను దగ్గర దగ్గరగా ఉన్నవాటితో కుట్టి, ఎక్కువ స్కోరు వచ్చిన కుట్టును ఎంచుకుంటుంది.

‘దగ్గర దగ్గరగా’ అన్న మాటకు హద్దు ఏమిటన్నదే మీ విషయంలో కీలకం. ఇంట్రాన్ గరిష్ఠ పొడవుకు మీరు విలువ ఇవ్వకపోతే, స్టార్ తన కిటికీ (ఒకేసారి వెతికే జీనోమ్ భాగం) పరిమాణాన్ని బట్టి 5,89,824 బేస్‌ల వరకు అనుమతిస్తుంది. మనిషి జీనోమ్‌కు ఇది అవసరమే. డిస్ట్రోఫిన్ జన్యువు ఒక్కటే 20 లక్షల బేస్‌లకు పైగా పరచుకుని ఉంది, దానిలో 2 లక్షల బేస్‌లు దాటిన ఇంట్రాన్ కూడా ఉంది. వరిలో ఇంట్రాన్లు ఎక్కువగా కొన్ని వందల బేస్‌లే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. మీ రీడ్‌లో 90 బేస్‌లు ఒక ఎక్సాన్ చివరి దాకా చక్కగా కుదిరాయి, 10 బేస్‌లు మిగిలాయి. తరువాతి ఎక్సాన్ రిఫరెన్స్‌లో లేదు, లేదా మీ రకంలో మారిపోయి ఉంది. 10 అక్షరాల ఒక ముక్క యాదృచ్ఛిక వరుసలో 10,48,576 స్థానాలకు ఒకసారి ఎదురవుతుంది. దానికి ముందు ఏజీ కూడా ఉండాలంటే 1,67,77,216 స్థానాలకు ఒకసారి. 5,89,824 బేస్‌ల కిటికీలో వెతికితే, ఇలాంటి 28 రీడ్లలో ఒకదానికి అబద్ధపు గమ్యం దొరికిపోతుంది. కిటికీని 5,000కు కుదిస్తే 3,300కు పైగా రీడ్లలో ఒకదానికి మాత్రమే దొరుకుతుంది. పది బేస్‌లను రీడ్ చివర కత్తిరించి వదిలేస్తే ఆ పాయింట్లు రావు; దూరాన కుట్టితే 10 పాయింట్లు వచ్చి ఒకటి రెండు మాత్రమే పోతాయి. ప్రోగ్రాము ఏది ఎంచుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇది యాదృచ్ఛిక వరుసకు వేసిన లెక్క. ఒకే కుటుంబపు జన్యువులు వరుసగా ఉన్న మీ 11వ క్రోమోజోములో పోలికలు యాదృచ్ఛికం కావు గనుక పరిస్థితి ఇంతకన్నా చాలా అధ్వానంగా ఉంటుంది.

రెండు ఫైళ్ళ తేడాకు కారణం వడపోత. కొత్త అతుకు జంక్షన్ల పట్టికలోకి ఎక్కాలంటే జీటీ–ఏజీకి అతుకు రెండు వైపులా కనీసం 12 బేస్‌లు, జాబితాలోని మూడు జంటలూ కాని వాటికి 30 బేస్‌లు కుదిరి ఉండాలి. ఒకే రీడ్ ఆధారమైతే 50 వేలు, రెండు రీడ్లయితే లక్ష, మూడయితే 2 లక్షల బేస్‌ల వరకే ఇంట్రాన్‌ను ఒప్పుకుంటుంది. బ్యామ్ ఫైలులోని రీడ్లకు డిఫాల్టుగా ఈ వడపోత వర్తించదు. వర్తింపజేయాలంటే ఔట్ ఫిల్టర్ టైప్ అన్న పారామీటరును బై ఎస్‌జే ఔట్‌గా మార్చాలి. మీ 40 వేల అతుకులు 50 వేల హద్దుకు లోబడినవే కాబట్టి, 12 బేస్‌ల నిబంధనను దాటగలిగినవన్నీ పట్టికలోనూ ఉంటాయి.

రెండు విడతల పద్ధతి ఇక్కడ మేలు కన్నా కీడే చేసి ఉంటుంది. మొదటి విడతలో దొరికిన అతుకులను ప్రోగ్రాము రెండో విడతలో ముందే తెలిసిన అతుకులుగా లెక్కించి, 3 బేస్‌లు దాటితే చాలు రీడ్‌ను వాటి మీదుగా కుట్టేస్తుంది. ఒక అబద్ధపు అతుకు ఒక్క రీడ్‌తో లోపలికి వచ్చిందంటే, రెండో విడతలో దానికి సాక్షులు తయారవుతారు. ఆ పద్ధతే తప్పని అనను. మొదటి విడత పట్టికలను అన్ని నమూనాల నుంచి ఒకచోట చేర్చి, ఒకే నమూనాలో కనిపించినవాటినీ, కొద్ది రీడ్లే ఉన్నవాటినీ, అనుమానాస్పదంగా పొడవైనవాటినీ తీసేసి, మిగిలినవాటినే రెండో విడతకు ఇవ్వండి.

గరిష్ఠ పొడవుకు నేను చెప్పిన 5,000ను వేదవాక్కుగా తీసుకోకండి. ఏ జన్యువు, ఏ ఎక్సాన్ ఎక్కడుందో రాసి ఉన్న వరి అనొటేషన్ ఫైలు నుంచి ఇంట్రాన్ల పొడవులన్నీ లెక్కించి, వెయ్యింటిలో 999 ఇమిడే విలువను ఎంచుకోండి. జంట రీడ్ల మధ్య దూరానికి కూడా డిఫాల్టు హద్దు ఆ పెద్ద కిటికీయే. దానినీ తగ్గించడం మరచిపోవద్దు.

నారుమడి (జవాబు)

పై జవాబులోని లెక్కతో నాకు పేచీ లేదు. కానీ వరి మనిషిగా నాకు మీ ప్రశ్నలో మరొకటి కనిపిస్తోంది. పారామీటర్లను ఎంత సరిదిద్దినా, రీడ్ వచ్చిన జన్యువు రిఫరెన్స్‌లో లేకపోతే దానికి సరైన చోటు ఏ ప్రోగ్రామూ చూపలేదు.

సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఇండికా రకం. నిప్పన్‌బారే జపోనికా, అంటే వరిలోని మరో ఉపజాతి. దాని జీనోమ్ 2005లో అంతర్జాతీయ సహకారంతో పూర్తయింది. మీరు చూస్తున్న 11వ క్రోమోజోములో కొంత భాగాన్ని చదివింది మన దేశపు బృందమే. మీ మొక్క మామూలు సాంబ మసూరి కూడా కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, అప్పటి వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను చేర్చి తయారు చేసిన రకమది.

అలైన్‌మెంట్ కోణం నుంచి చూస్తే ఈ మూడూ మూడు రకాలు. ఎక్స్‌ఏ5లో నిరోధక రూపానికీ మామూలు రూపానికీ తేడా రెండు బేస్‌లే. ప్రొటీన్‌లో 39వ స్థానంలో వాలీన్ బదులు గ్లుటామేట్ వస్తుంది. ఆ రీడ్లు నిప్పన్‌బారే మీద రెండు తప్పులతో హాయిగా కుదురుతాయి. ఎక్స్‌ఏ13లో మార్పు ప్రొమోటర్‌లో, అంటే జన్యువు ఎంత వ్యక్తం కావాలో నియంత్రించే భాగంలో, ఉంది. ప్రొమోటర్ ఆర్‌ఎన్‌ఏలోకి రాదు కాబట్టి అలైన్‌మెంట్‌కు ఏ ఇబ్బందీ లేదు, జన్యువు వ్యక్తమయ్యే మోతాదు మాత్రం మారుతుంది. ఎక్స్‌ఏ21 వీటి వంటిది కాదు. అది ఒరైజా లాంగిస్టామినేటా అనే ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చి, 11వ క్రోమోజోము మీద కూర్చుంది. 1995లో క్లోన్ చేసినప్పుడు అది రిసెప్టర్ కైనేజ్ అని తేలింది. నిప్పన్‌బారేలో ఎక్స్‌ఏ21 లేదు, దాని జ్ఞాతులు ఉన్నాయి. దాయాదులే గాని అది మాత్రం లేదు.

ఎక్స్‌ఏ21 నుంచి వచ్చిన రీడ్ నిప్పన్‌బారే మీద దిక్కు వెతుక్కుంటే ఏమవుతుందో ఊహించండి. మొదటి సగం ఒక జ్ఞాతి జన్యువుతో ఎక్కువగా పోలుతుంది, రెండో సగం 40 వేల బేస్‌ల అవతల ఉన్న మరో జ్ఞాతితో ఎక్కువగా పోలుతుంది, మధ్యలో ఎక్కడో జీటీ, ఏజీ దొరికాయి. మీరు చూసిన అతుకు ఇదే కావచ్చునని నా అనుమానం. ఎక్స్‌ఏ21లో ఉన్నది ఒకే ఒక్క ఇంట్రాన్. ఆ రీడ్లలో చాలావాటికి అసలు ఏ అతుకూ అవసరం లేదు.

ఎక్స్‌ఏ21 జీనోమ్ వరుస బహిరంగంగా దొరుకుతుంది. దానిని రిఫరెన్స్ ఫైలులో అదనపు క్రోమోజోముగా చేర్చి, అనొటేషన్‌లో దాని ఎక్సాన్లు రాసి, సూచికను మళ్ళీ తయారు చేసుకోండి. రీడ్‌కు సొంత ఇల్లు దొరికితే బంధువుల ఇళ్ళ మధ్య కాళ్ళు చాపుకుని పడుకోదు.

ఒకవేళ మీకు జన్యువుల మోతాదులే కావాలి, కొత్త అతుకులతో పనిలేదనుకుంటే, సాల్మన్ వంటి ప్రోగ్రాముతో నేరుగా ట్రాన్స్‌క్రిప్టుల మీద లెక్కించుకోవచ్చు. వేగంగా అయిపోతుంది, ఈ ఇంట్రాన్ల బెడద ఉండదు.

అతుకులబొంత

నారుమడి గారు చెప్పిన కారణం నా లెక్క కన్నా సూటిగా ఉంది, ఒప్పుకుంటున్నాను; ఏ రకం వరి అన్నది నేను పట్టించుకోలేదు. చివరి పేరాతో మాత్రం ఏకీభవించలేను. ట్రాన్స్‌క్రిప్టుల జాబితాలో ఎక్స్‌ఏ21 లేకపోతే సాల్మన్ కూడా ఆ రీడ్లను జ్ఞాతులకే పంచిపెడుతుంది. స్టార్‌లో కనీసం ఒక వింత అతుకు కనిపించి మీకు అనుమానం కలిగింది. అక్కడ ఒక జ్ఞాతి జన్యువు తెగులు సోకగానే విజృంభించినట్లు ఒక అంకె మాత్రమే కనిపిస్తుంది, అనుమానించడానికి ఆనవాలు కూడా మిగలదు. ఏ పద్ధతిలోనైనా ముందు రిఫరెన్స్‌ను సరిచేసుకోవలసిందే.

వరిపైరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అనొటేషన్ నుంచి ఇంట్రాన్ల పొడవులు లెక్కించి గరిష్ఠ హద్దును తగ్గించి, రెండు విడతలు మానేసి, మళ్ళీ నడిపాను. దూరపు అతుకులు జీనోమ్ అంతటా గణనీయంగా తగ్గాయి. అయితే 11వ క్రోమోజోము మీద నేను చెప్పిన చోట, అతుకులు పోయిన రీడ్లు ఇప్పుడు చివర్లు కత్తిరించబడి, అదే జ్ఞాతి జన్యువు మీద వేలాడుతున్నాయి. అంటే హద్దు తగ్గించడం వల్ల తప్పుడు అతుకు మాయమైంది గాని, రీడ్ మాత్రం తప్పుడు చోటనే ఉంది. ఎక్స్‌ఏ21 వరుసను చేర్చే పని ఈ వారం చేస్తాను.

ఈలోగా ఒక ప్రశ్న. నిప్పన్‌బారేను పూర్తిగా వదిలి ఇండికా జీనోమ్‌కు మారడం మంచిదా? పొడుగు రీడ్లు తీస్తే ఈ తలనొప్పి అంతా తప్పుతుందని మా ప్రయోగశాలలో ఒకరు అంటున్నారు.

పొడుగురీడు (జవాబు)

పొడుగు రీడ్లతోనే రోజూ పనిచేసేవాడిని కనుక వాటి మంచీ చెడూ రెండూ చెబుతాను.

ఒకే రీడ్ జన్యువు మొత్తాన్ని మొదలు నుంచి తుది దాకా చదివితే, జ్ఞాతుల మధ్య తేడాలన్నీ ఆ ఒక్క రీడ్‌లోనే కనిపిస్తాయి కాబట్టి ఏ జన్యువుదో తేల్చడం సులువవుతుంది. మీ వంటి సందర్భంలో అది పెద్ద లాభమే. అలైన్‌మెంట్‌కు ఎక్కువమంది వాడేది 2018లో వచ్చిన మినిమ్యాప్2. అది జీనోమ్ నుంచి ఎంపిక చేసిన చిన్న ముక్కలను మాత్రమే సూచికలో పెట్టుకుని, రీడ్‌లో వాటి పోలికలను గొలుసుగా కూర్చి, గొలుసు లంకెల మధ్య ఖాళీలను పై జవాబులో చెప్పిన రెండంచెల జరిమానాతో పూడుస్తుంది.

చెడు ఏమిటంటే, రీడ్‌లో తప్పులు ఉంటే అవి అతుకు పక్కనే పడినప్పుడు అతుకు జరిగిపోతుంది. అతుకులబొంత గారి ఐదు స్థానాల ఉదాహరణలో ఒక బేస్ తప్పుగా చదివిందని ఊహించుకోండి, పోటీకి వచ్చే స్థానాలు ఇంకా పెరుగుతాయి. పది పదిహేను బేస్‌లే ఉన్న ఎక్సాన్ మధ్యలో ఉంటే, సూచిక ముక్క పొడవుకన్నా అదే చిన్నది కాబట్టి గొలుసులో దానికి లంకె దొరకదు. ఆ బేస్‌లను పక్క ఎక్సాన్ల అంచులకు అతికించి ప్రోగ్రాము చేతులు దులుపుకుంటుంది. తెలిసిన అతుకుల జాబితాను ఇస్తే ఈ రెండు లోపాలూ కొంత తగ్గుతాయి. ఆర్‌ఎన్‌ఏను నేరుగా చదివించిన రీడ్లయితే పోగు ముందే తెలుసు కాబట్టి ఆ ఒక్క దిశలోనే వెతకమని చెప్పాలి. చెప్పకపోతే రెండు దిశల్లోనూ ప్రయత్నించి, తప్పులున్న రీడ్‌లో ఒక్కోసారి ఎదురు దిశను ఎంచుకుంటుంది. స్ప్లైస్ పద్ధతిలో మినిమ్యాప్2 ఇంట్రాన్‌కు పెట్టుకున్న డిఫాల్టు హద్దు 2 లక్షల బేస్‌లు. వరికి దానినీ తగ్గించాల్సిందే, పొడుగు రీడ్లకు మారినంత మాత్రాన ఆ పని తప్పదు.

ఇండికా జీనోమ్ విషయం. శుహుయి498, మింగ్‌హుయి63 వంటి ఇండికా రకాలకు ఇప్పుడు మంచి జీనోమ్‌లు ఉన్నాయి. మీ రీడ్లు వాటి మీద తక్కువ తప్పులతో కుదురుతాయి. ఐతే వరిలో జన్యువుల పేర్లు, గుర్తింపు సంఖ్యలు, ఇన్నేళ్ళ పరిశోధన పత్రాలు నిప్పన్‌బారేకు ముడిపడి ఉన్నాయి. దానికే రెండు వేర్వేరు అనొటేషన్లు, రెండు వేర్వేరు సంఖ్యా విధానాలు ఉన్నాయని మీకు తెలుసు. ఇండికాకు మారితే ప్రతి జన్యువుకూ ‘నిప్పన్‌బారేలో ఇది ఏది’ అని పట్టిక తయారు చేసుకోవాలి, అదీ జ్ఞాతులు గుంపుగా ఉన్న చోటే ఎక్కువ తప్పులతో తయారవుతుంది. నేనైతే రెండింటి మీదా నడిపి, రెండు చోట్లా ఒకే సమాధానం ఇచ్చిన జన్యువులను నమ్మి, భిన్నంగా వచ్చినవాటిని చేత్తో చూసుకుంటాను. ఇంకొకటి, 11, 12 క్రోమోజోముల పొట్టి భుజాల కొసల్లో ఒకదానికొకటి నకలైన భాగం వరిలోనే సహజంగా ఉంది. అక్కడి రీడ్లు ఏ రిఫరెన్స్ మీదైనా రెండు చోట్ల కుదురుతాయి, దానిని మీ పొరపాటుగా భావించకండి.

పొడుగు రీడ్లకు డబ్బు ఖర్చుపెట్టే ముందు, మీ దగ్గర మామూలు సాంబ మసూరి నమూనాలు ఉన్నాయా? తులన కోసం తప్పక పెట్టుకుని ఉంటారు. దానిలో ఎక్స్‌ఏ21 లేదు. పాత డిఫాల్టు పారామీటర్లతోనే ఆ నమూనాలను కూడా అలైన్ చేసి, ఆ 40 వేల బేస్‌ల అతుకు వాటిలోనూ వస్తుందేమో చూడండి.

వరిపైరు

ఉన్నాయి. అవే పారామీటర్లతో నడిపాను. మామూలు సాంబ మసూరి నమూనాలు వేటిలోనూ, తెగులు సోకించినవాటిలో గాని సోకించనివాటిలో గాని, ఆ అతుకు ఒక్క రీడ్‌లో కూడా లేదు. మెరుగుపరచిన రకంలో ఆ అతుకు చూపిన రీడ్లను విడిగా తీసి, నారుమడి గారు చెప్పిన ఎక్స్‌ఏ21 వరుస మీద పెట్టి చూస్తే, అన్నీ కాకపోయినా ఎక్కువ భాగం ఏ అతుకూ లేకుండా మొదటి బేస్ నుంచి చివరి బేస్ దాకా కుదిరాయి.

నారుమడి

మిగిలిన ఆ కొద్ది రీడ్లను పారేయకండి. అడవి వరి నుంచి వచ్చింది ఎక్స్‌ఏ21 ఒక్కటే కాదు, దాని అటూ ఇటూ ఉన్న క్రోమోజోము ముక్క కూడా కొంత వెంట వచ్చి ఉంటుంది. ఆ రీడ్లు ఆ ముక్కలోని మరో జ్ఞాతి జన్యువువి కావచ్చు. వాటి జంట రీడ్లు ఎక్కడ పడ్డాయో చూసి ఇక్కడే రాయండి.